రాళ్ళ కింది చారల పాము

పెరట్లో సిమెంటు వేయడానికి వచ్చిన మేస్త్రీ పలుగు ఎత్తగానే, ఇంటావిడ వెళ్ళి రాళ్ళగుట్టకు అడ్డంగా కూర్చుంది.

“కాస్త లేవండమ్మా. దీని కింద పాముందని సారు చెప్పారు.”

“చారల పాము మేస్త్రీ గారూ. విషం లేదు, ఏ తోటలో చూసినా ఉంటుంది. మా పాప దానికి రిబ్బను అని పేరు పెట్టింది.”

“పాప బడికెళ్ళిందా?”

“కిందటి నెల జ్వరంతో పోయిందండీ.”

“అయ్యో తల్లీ... నాకు తెలీదమ్మా.”

“పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఇక్కడే కూర్చునేది, అది ఎండకి బయటికొస్తుందని. ఇప్పుడది కనిపిస్తే చాలు, ఆయన లోపలికెళ్ళి తలుపేసుకుంటున్నారు. అందుకే మిమ్మల్ని పిలిపించారు.”

“మీరు వద్దంటే వెళ్ళిపోతానమ్మా.”

“వెళ్ళకండి. ఆయన తిండి కూడా మానేశారు. పని కానివ్వండి. కానీ ఆ పలుగు పక్కన పెట్టి, రాళ్ళు చేత్తో తీయండి.”

ఇద్దరూ కలిసి ఒక్కో రాయీ తీశారు.

“అదిగో, కదిలింది! కంచె కిందుగా పక్క స్థలంలోకి పోయిందమ్మా. దెబ్బేం తగల్లేదు, హాయిగా బతుకుతుంది. ఏడవకండి.”

“దీన్నయినా వెళ్తుంటే కళ్ళారా చూశాను మేస్త్రీ గారూ. ఆసుపత్రిలో నన్ను పాప దగ్గరికి రానివ్వలేదు.”