రెండు వారాలకోసారి

మంగళవారం పగలు పదకొండున్నర. చందానగర్ మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైన పళ్ళ క్లినిక్. ఎత్తు కుర్చీలో వెనక్కి వాలి, దీపం కింద నోరు తెరుచుకుని ఇమ్మాన్యుయేల్. పక్కన డాక్టర్ అనసూయ గారు. తలుపవతల కౌంటర్లో వీరలక్ష్మి. ఇంకెవరూ లేరు, ఆ వేళకి పనున్నవాళ్ళెవరూ పళ్ళు చూపించుకోవడానికి రారు.

"ఇంకాస్త తెరవండి. ఆఁ. ఇక్కడ నొక్కితే నొప్పి ఉందా అండీ?"

"ఊహూఁ."

"ఇక్కడ?"

"తెలీట్లేదండీ."

"తెలీట్లేదంటే ఏంటండీ? మీ పన్నే కదా, పక్కింటివాళ్ళది కాదుగా. ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి."

"లేదండీ."

"సరే, మూసేయండి. ఇమ్మాన్యుయేల్ గారూ, మీరు రెండు వారాల కిందటే వచ్చారు కదూ?"

"వచ్చానండీ."

"అంతకు రెండు వారాల ముందూ వచ్చారు."

"అవునండీ."

"ఇప్పుడే కార్డు తిరగేశాను. జనవరి నుంచి ఇది ఏడోసారి. ఏడింట్లో నేను వైరు బిగించింది ఎన్నిసార్లు?"

"రెండు సార్లండీ."

"తెలుసన్నమాట! మిగతా అన్నిసార్లూ నేను చూడటం, బాగుందనటం, మీరు లేచి వెళ్ళిపోవటం. ఏదో క్లిప్పు ఊడి వచ్చారేమో అనుకున్నా నేను."

"ఊడలేదండీ."

"మరి?"

"కార్డు మీద రాసిన రోజుకి వచ్చానండీ."

"వీరలక్ష్మీ! ఓ వీరలక్ష్మీ! ఈయనకి రెండు వారాలకి ఎందుకు రాస్తున్నావమ్మా? ఆరు వారాలకి రమ్మని చెప్పానుగా నేను!"

"పొరపాటైంది మేడం!"

"ఏడుసార్లా?"

"ఇగ చూసుకుంట మేడం!"

"ఈ పిల్ల ఎప్పుడూ ఇంత పరాగ్గా ఉండదే... చూడండి, పన్నంటే ఎముకలో ఉండేది. వైరు లాగితే మెల్లిగా జరుగుతుంది. జరిగినచోట మళ్ళీ ఎముక పట్టుకోవాలి. దానికి టైం కావాలి. మధ్యలో మీరు పదిసార్లొచ్చి ఈ కుర్చీలో కూర్చున్నా అదేం తొందరపడదు."

"పర్లేదండీ, వస్తాను."

"వస్తారు సరే, వచ్చి ఏం చేస్తారు?"

"చూపించుకుంటాను."

"రామ రామ! ఆఫీసులో ఇన్నిసార్లు వదులుతున్నారా మిమ్మల్ని? ఇక్కడికొచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళంతా శనివారం ఏడు దాటాక తప్ప మొహం చూపించరు. మీరూ అంతేగా ముందు. శనివారం కాకపోతే అసలు వైద్యమే వద్దన్నారు."

"ఇప్పుడు కొంచెం... వీలుగా ఉందండీ."

"అదృష్టవంతులు."

"అవునండీ."

"లేవండి మరి. మళ్ళీ మే మొదటి వారంలో రండి. అప్పుడు బిగిద్దాం."

"డాక్టర్ గారూ, ఇవాళే బిగించకూడదా?"

"బిగించి నాలుగు వారాలేగా అయింది!"

"కొంచెం. గట్టిగా."

"గట్టిగానా? ఎందుకండీ?"

"నొప్పి తెలుస్తుందేమోనని."

"ఇదేం కోరికండీ బాబూ! అందరూ వదులు చెయ్యమని నా ప్రాణం తీస్తారు. వెళ్ళండి, వెళ్ళి పని చూసుకోండి."

కౌంటర్ దగ్గర.

"కార్డియ్యండి సార్, తేదీ రాస్త."

"వీరలక్ష్మి గారూ, ముందు ఇంకో పనుంది. మీ కంప్యూటర్లో నా పేరు మీద ఏ నంబరుంది?"

"మీ భార్య ప్రిస్కిల్లా మేడంది. మొదలు మిమ్మల్ని పట్టుకొచ్చి పేరు రాయించింది మేడమే కదా. పళ్ళు ఎత్తున్నయని నలభై ఏండ్లకు సిగ్గు పడుడేంది, చేయించుకుంటే అయిపాయె అని గట్టిగనే అన్నది మీతోని. నాకు యాదికున్నది."

"ముప్ఫై ఎనిమిది."

"అదే సార్."

"ఆ నంబరు తీసేసి నాది పెట్టండి. ఇవాళే."

"పెడ్త. జర ఆగండి... ఆఁ. ఓటీపీ వస్తది, చెప్పుండ్రి."

"ఇదిగో ఫోన్ చేతిలోనే ఉంది. ఇంకా రాలేదు."

"మీకు రాదు సార్. పాత నంబర్‌కి పోతది."

"ప్రిస్కిల్లాకా?"

"ఆఁ."

"నొక్కకండి! నొక్కారా?"

"లే లే, నొక్కలే. ఏంది సార్, గంత పరేషాన్ అయితున్నరు?"

"ఓటీపీ లేకుండా మార్చలేరా?"

"మా చేతిల లేదు సార్. గిసుంటి సాఫ్ట్‌వేర్లు చేసేది మీరే కదా."

"చేసేవాణ్ణి."

"ఏంది?"

"ఏం లేదు. అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మీ మెసేజ్ ఎప్పుడు వెళ్తుంది?"

"ముందురోజు పొద్దుగాల పదింటికి. దానంతటదే పోతది."

"పదింటికి ఆమె క్లాసులో ఉంటుంది. ఫోన్ బ్యాగులో, బ్యాగు స్టాఫ్ రూంలో. సాయంత్రానికి దాని మీద నలభై మెసేజ్‌లు పడతాయి. ఇన్నాళ్ళూ అట్లా గడిచిపోయింది. ఎల్లుండి నుంచి స్కూలుకి సెలవులు. ఫోన్ చేతిలోనే ఉంటుంది రోజంతా."

"ఉంటే ఉండనీయండి. పళ్ళ దవాఖానకే కదా వస్తున్నరు, ఇంకేడికన్నా పోతున్నరా?"

"సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇక్కడికొచ్చానని చెబుతాను ఇంట్లో. మెసేజ్‌లో ఏముంటుంది? మంగళవారం, పగలు పదకొండు. మంగళవారం పదకొండింటికి నేను ఎక్కడుండాలి?"

"ఆఫీసుల."

"అదీ సంగతి."

"... ఆఫీసు లేదా సార్?"

"మెల్లిగా అనండి."

"ఎవ్వరు లేరు సార్ ఈడ. డాక్టరమ్మ లోపల టీ తాగుతున్నది. ఎప్పటిసంది?"

"జనవరి. రెండో వారం. అరగంట మీటింగన్నారు. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన పద్దెనిమిది నిమిషాలు ఏం చెయ్యాలో తెలీక అక్కడే కూర్చున్నాను."

"మీ మెడల ఐడీ కార్డు తాడు ఉంటది గని, కొస జేబుల దోపుకుంటరు. ఎప్పుడు చూసినా గట్లనే. నాకు అనుమానమొచ్చింది. అడుగుడెందుకని అడగలే."

"కార్డు తీసుకున్నారు. తాడు అడగలేదు."

"ప్రిస్కిల్లా మేడంకి తెల్వదా?"

"తెలీదు. పొద్దున ఎనిమిదీ నలభైకి బాక్సు కట్టి ఇస్తుంది. బండి తీసుకుని నల్లగండ్ల నుంచి గచ్చిబౌలి దాకా పోతాను. అదే రోడ్డు, అదే సిగ్నళ్ళు. మా బిల్డింగ్ దాటి స్టేడియం గోడ పక్కన ఆగుతాను. బాక్సు అక్కడే తింటాను. ఆరున్నరకి బయల్దేరతాను, లేకపోతే ట్రాఫిక్కు లేకుండా తొందరగా ఇల్లు చేరతాను కదా, అనుమానం వస్తుంది."

"ఎండల గూడనా సార్?"

"నీడ మారినప్పుడల్లా బండి జరుపుతాను."

"వేరే నౌకరి చూస్తలేరా?"

"చూస్తున్నాను. ఫోన్లో మాట్లాడతారు, చెబుతామంటారు, చెప్పరు."

"మస్తు బాధైతుండొచ్చు."

"అవ్వాలి కదా! మొదటి వారం అయింది. తర్వాత ఏమీ లేదు. మత్తింజక్షన్ ఇచ్చాక పెదవి ఎట్లా ఉంటుంది? ఉన్నట్టే ఉంటుంది, ముట్టుకుంటే మనది కాదు. అట్లా ఉంది. మా పాప హన్నాకి స్కూల్లో ప్రైజొస్తే పరిగెత్తుకొచ్చి చూపించింది. బాగుందమ్మా అన్నాను. ఏం బాగుందో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు."

"చెప్పేస్తే అయిపాయె కదా సార్. మేడం అర్థం చేసుకుంటది."

"డిసెంబరు ముప్ఫై ఒకటి రాత్రి చర్చిలో సాక్ష్యాలు చెప్పమన్నారు. ఏడాదిలో దేవుడు చేసిన మేలేంటో లేచి చెప్పాలి. ప్రిస్కిల్లా ఎప్పుడూ లేవదు, నలుగురిలో మాట్లాడాలంటే భయం ఆమెకి. ఆ రోజు లేచింది. మైకు పుచ్చుకుంది. మా ఆయన ఆఫీసులో ఎంతోమందిని తీసేశారు, మా ఆయన ఉద్యోగం మాత్రం దేవుడు కాపాడాడు, అందుకు వందనాలు అంది. రెండొందలమంది ఆమెన్ అన్నారు. రెండు వారాలు తిరక్కుండా ఇది. ఎట్లా చెప్పమంటారు? ఆదివారం వెళ్తే ఇప్పటికీ ఎవరో ఒకరు నా చెయ్యి ఊపుతారు, దేవుడు నిలబెట్టాడు నిన్ను అని. మీకు నవ్వొస్తోందా?"

"లేదు సార్. అట్లెట్ల నవ్వుత?"

"నవ్వినా పర్లేదు."

"మరి గిన్నిసార్లు ఈడికెందుకొచ్చుడు సార్?"

"మీరే రాశారుగా!"

"రాసిన. మీరు గూడ ఎందుకు రాసినవని అడగలే కదా."

"అడగలేదు. ఉద్యోగం ఉన్నప్పుడు రోజుకి ఏడు మీటింగులుండేవి. ఇప్పుడు ఫోన్లో క్యాలెండర్ తెరిస్తే నెల మొత్తం మీద రెండు ఉంటాయి. రెండూ మీవే. వాటికోసం గడ్డం గీసుకుంటాను. టైముకి రావాలని తొందర పడతాను. ఆ కాసేపూ మనిషిలా ఉంటుంది."

"ఊఁ."

"ఇంకోటి కూడా ఉంది. ఇక్కడికొచ్చిన రోజు ఇంట్లో నోరు విప్పక్కర్లేదు. వైరు బిగించారు, నొప్పిగా ఉంది అంటాను. ఇంక ఎవరూ ఏం అడగరు. ఆఫీసు ఎట్లా ఉంది, ఎవరు వచ్చారు, హైక్ ఎప్పుడు, ఏమీ ఉండవు. ప్రిస్కిల్లా అన్నం గుజ్జుగా వండి, పెరుగేసి పిసికి, ఒక్క మెతుకు కూడా పంటికి తగలకుండా చేసి పెడుతుంది. ఆ రాత్రీ, మర్నాడూ రెండు రోజులు గడుస్తాయి. అబద్ధాలు చెప్పక్కర్లేని రోజులు నాకు అవే."

"బిగించనే లేదు కదా సార్, చానసార్లు."

"అదొక్కటే అబద్ధం. అందుకే నంబరు మార్చమంటున్నాను. ఈ ఒక్కటీ పోతే నాకింక ఏం లేదు. ఏదో ఒకటి చేయండి, వీరలక్ష్మి గారూ. దండం పెడతాను."

"అయ్యో, చేతులు దించండి సార్! సార్, ఒక మాట చెప్త. కోపం చేయొద్దు."

"చెప్పండి."

"మెసేజ్ పోతది కదా. దానికి జవాబు రావాలె. వస్తమంటే ఒకటి నొక్కాలె. నొక్కకపోతే మీ టైం ఇంకొకరికి పోతది. గట్లనే సెట్ చేసిండ్రు."

"అయితే?"

"మీ టైం ఎప్పుడన్నా పోయిందా సార్?"

"లేదు."

"ఏడుసార్లు ఒకటి వచ్చింది."

"... సాయంత్రం చూసి నొక్కి ఉంటుంది. టైం సరిగా చదవకుండా."

"పదీ రెండుకి, పదీ మూడుకి వస్తది సార్. నిన్న గూడ."

"పదింటికి ఆమె క్లాసులో ఉంటుందండీ. చెప్పానుగా. ఫోన్ బ్యాగులో ఉంటుంది."

"ఉండదు సార్. సోమవారం నాడు ఫోన్ చేతిల పట్టుకొనే ఉంటదంట."

"ఎవరు చెప్పారు మీకు?"

"మేడమే. జనవరిల మొదటిసారి మంగళవారం పదకొండు అని మెసేజ్ పోయింది చూడండి, గా పూటనే నాకు ఫోన్ చేసింది. మీ కాడ తప్పు పడిందా వీరలక్ష్మీ, ఆయనకు గప్పుడు ఆఫీసు కదా అన్నది. తప్పేం లేదు మేడం, సారే అడిగి రాయించుకున్నడు అన్న."

"తర్వాత?"

"రెండు వారాలకోసారి రాయమన్నది. డాక్టరమ్మ అడిగితే పొరపాటైందని చెప్పు, నా కోసం ఒక మాట పడు అన్నది. ఆయన పొద్దుగాల లేచి పోయేటందుకు నిజంగ ఒక చోటుండాలె అన్నది."

"జనవరి నుంచా?"

"జనవరి నుంచే."

"తెలిసి... తెలిసి బాక్సు కడుతోందా?"

"గది నాకు తెల్వదు సార్."

"నన్ను ఒక్క మాట అడగలేదే! మూడు నెలలు. ఒక్కసారి కూడా."

"మీరే చెప్తరని చూస్తున్నదేమో."

"మరి నేను నొప్పని చెప్పిన రోజులు? అవైనా నమ్మిందా? అవైనా నిజమనుకుందా?"

"మీరొచ్చిన ప్రతి మంగళవారం ఒంటిగంటకు ఫోన్ చేస్తది సార్. ఇయ్యాల వైరు బిగించిండ్రా అని అడుగుతది. లేదు మేడం, ఊకె చూసి పంపిండ్రు అని చెప్త. ‘సరేమ్మా, అయితే ఈ రాత్రికి అన్నం మెత్తగా వండుతాను’ అని పెట్టేస్తది."