బత్తాయి పిప్పి తిన్న పొట్టేలు

“...జాలిల వడకట్టి తాపినవా? ఇగ నీళ్లు తాపినట్టే తమ్మి. కూసో, మా పొట్టేలు సంగతి చెప్త,” అన్నడు ఐలన్న.

చివ్వెంల కాడ చాయ్ డబ్బా నడిపే జైరాం పొయ్యి తగ్గించి కూసున్నడు. డబ్బా ఎనక మంచంల వాళ్ల నాయిన బిచ్చా కడుపు పట్టుకొని పండిండు. కడుపు సాఫ్‌గ కాక శాన దినాలాయె. దవాఖానల పండ్లు పెట్టుమన్నరు. ముసలాయనకు మెత్తగుంటదని జైరాం రోజు బత్తాయిలు మిక్సీ పట్టి, చాయ్ జాలితోటి వడకట్టి తాపుతుండు. ఏం ఫాయిదా లేదు. ఐలన్న గొర్లు కాస్తడు, కోతలు ఇంకా మంచిగ కోస్తడు, గది జైరాంకు ఎరుకే. అయినా ఇనబుద్ధయింది.

“మా పొట్టేలు గిట్లనే బిగుసుకపోయింది. నేను గూడ ముందుగాల జూసే తాపిన. కదిలితే ఒట్టు. అప్పుడు సమజైంది, తీపంత గ్లాసుల పడ్డది, పనిచేసే పిప్పి జాలిలనే ఉండిపాయె. ఇగ పైతోలు తీసి, తొన మీది పొర గూడ తియ్యకుంట పెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?”

“ఏమైంది?”

“తెల్లారంగనే గోడ దుంకింది.”

“గోడెంతుంటదే?” అన్నడు చాయ్ తాగుతున్న మల్సూర్.

“నీ అంత ఉంటది. దుంకి రోడ్డెక్కితే కోదాడ బస్సుకు అందలె, డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి అలిసిండు, కోదాడ కాడ మలిగి మిర్యాలగూడ దిక్కు పట్టింది, దారి పొంటి పని కానిస్తనే పోయింది. త్రిపురారం పొలాలల్ల ఎరువు ఎంత పడ్డదంటే ఆ యేడు ఒక్కడు యూరియా లైన్ల నిలవడలె. పండిన వడ్లు మిల్లులల్ల పట్టక ఇంకో మిల్లు కట్టిన్రు.”

“పొట్టేలా, రైలింజనా?”

“కడుపు తేలికైతే గట్లనే ఉంటది మల్సూరూ.”

మల్సూర్ నవ్విండు గని జైరాంకు నవ్వు రాలె. “అది మేత మేసే జీవి అన్నా. మా నాయినకు పెడ్తే పిప్పి అరగక ఇంకింత బిగిస్తదేమో.”

ఐలన్నను ఇంటికి తోల్కపోదామని వచ్చిన ఆయన పెండ్లాం లక్ష్మీనర్సమ్మ ఎనక నిలవడి అంత ఇన్నది.

“బిగియ్యది జైరాం, పెట్టు. మంచిగ నమిలి తినుమను, మీద నీళ్లు తాపు. మనిషికి గూడ పనిచేస్తది.”

“నీకెట్ల ఎరుక వదినా?”

ఐలన్న ఖాళీ గ్లాసు ఎత్తి తాగబట్టిండు.

“మా పొట్టేలు బత్తాయి మొఖమే సూడలె. పెట్టింది నేను, తిన్నది ఈయన, గోడ దుంకింది ఈయన.”