ఇర్మాగారి కాపలా

బ్యూనస్ ఐరిస్‌లో ఒక పాత మేడ, కింది హాలు. అక్కడ నడివేసవైన జనవరి ఎండ, శనివారం, భోజనాలై ఊరంతా కునుకు తీసే వేళ. ముసలి ఇర్మా వీధి తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడో అంతస్తులో ఉండే ఫాబియాన్ భార్య, నార్వే నుంచి వచ్చిన మారిత్, లిఫ్టు పక్కనే నిలబడిపోయింది.

"రొట్టెకా?"

"రొట్టెకే, ఇర్మాగారూ. మీ తాళంచెవి ఒక్కసారి ఇస్తే..."

"ఎన్ని రొట్టెలు కొంటావే, అంత పెట్టె వెంటబెట్టుకుని?"

"పెట్టె కాదు. అంటే... చిన్నదే."

"చిన్నదే. నా పెళ్లికి నేను తెచ్చుకున్న సామానంతా అందులో పట్టేది. ఇలా తలుపు దగ్గరికి రా. అక్కడ దొంగలా నక్కావేమిటి?"

"వద్దు లెండి. అద్దం తలుపు, వీధిలోకి కనిపిస్తాను."

"కనిపిస్తే ఏం? రొట్టెకేగా."

"రొట్టెకే."

"అయితే కాస్త మాతే టీ తాగు. నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి."

"ఇప్పుడు తాగలేనండీ. మీ తాళంచెవి ఎక్కడుంది? తలుపు పిడికి తగిలించారే, ఆ సంచిలోనా?"

"ఆ సంచిలో ఊలు ఉంది, సూదులున్నాయి. నమ్మకపోతే వచ్చి తీసి చూసుకో."

"అయ్యో, మీ మాట నమ్మకపోవడమేమిటి."

"నమ్మకు. వచ్చి చూడు."

"వద్దు లెండి."

"నీ ఇష్టం. ఫాబియాన్ నీకో తాళంచెవి చేయించలేదూ?"

"చేయిస్తానంటాడు. వచ్చిన కాణ్ణించీ అంటూనే ఉన్నాడు. మొదట తాళాలవాడు సెలవులకి పోయాడన్నాడు. తర్వాత ఆ రకం తాళంచెవులు దొరకట్లేదన్నాడు. మొన్న అడిగితే, ఊరంతా దొంగలు, నువ్వెక్కడైనా పారేస్తే మేడంతా మునుగుతుంది అన్నాడు."

"వాడన్నదీ నిజమే. నీకు ఊరు కొత్త."

"కొత్తేమిటండీ? ఎనిమిదికి భోజనానికి పిలిస్తే ఎనిమిదికి పోకూడదని తెలియక పోయాను, ఆ ఇంటావిడ తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి తలుపు తీసింది. ఇప్పుడు తెలుసు. బస్సుకి చెయ్యెత్తకపోతే ఆగదని తెలుసు. ముక్కూ మొహం ఎరగనివాళ్లకి పలకరింపుగా బుగ్గ ఆనించడం వచ్చింది. ఇదొక్కటే నాకు వంటబట్టలేదు. మా ఊళ్లో తాళం బయటివాళ్ల కోసం. మీ ఊళ్లో లోపలున్నవాళ్లు బయటికి పోవడానిక్కూడా తాళంచెవి కావాలి."

"అవును మరి. చుట్టం వస్తే రానివ్వడానికోసారి దిగాలి, పంపడానికోసారి దిగాలి. నా మోకాళ్లు అరిగింది అందుకే. మా ఆయన అనేవాడు, మనింటికొచ్చినవాడు మనం విసుక్కునేదాకా పోలేడని."

"నా మీద విసుక్కునేవాళ్లు లేరండీ. అదే నా కష్టం."

"గాలి చూడు ఎంత హాయిగా వస్తోందో. ఈ హాల్లో ఇంత గాలి ఎప్పుడైనా చూశావా?"

"లేదు. ఇర్మాగారూ, తాళంచెవి..."

"ఈ పాటికి నేను గుర్రుపెట్టి నిద్రపోవాలి. మన మేడ వాచ్‌మన్ కార్మెలో ఇంటికి పోతూ, ఈ పూటకి తలుపు కనిపెట్టుకుని ఉండండి, కొత్తవాళ్లెవరూ జొరబడకుండా చూడండి అన్నాడు. ఎందుకన్నాడో అడగవేం?"

"నాకంత తీరిక లేదండీ."

"రొట్టెకేం తొందర? ఆ దుకాణంవాడు ఐదు దాటితే గానీ తెరవడు."

"ఐదుకల్లా నేను నది..."

"ఊఁ?"

"ఏం లేదు."

"ఐదుకి నది దాటే పడవ. అవతలి దేశంలోని మోంటెవిడియోకి."

"నేనలా అనలేదు."

"నా పక్కన కూర్చుని టీవీ సీరియళ్లు చూసి మాటలు నేర్చుకున్నావు. ఆ మాటలతో నాకే అబద్ధం చెబుతావుటే?"

"ఫాబియాన్ మీ చేతుల్లో పెరిగాడు. మీకెలా చెప్పను?"

"పెరిగాడు. వాళ్లమ్మ పనికి పోతే నా వంటింట్లోనే ఉండేవాడు. ఓసారి పిట్టని పట్టుకొచ్చి డబ్బాలో పెట్టాడు. మూతకి చిల్లులు పొడిచాడు, పొద్దస్తమానం రొట్టెముక్కలు వేశాడు. ఎంత ప్రేమో."

"ఆ పిట్ట ఏమైంది?"

"ముందు నీ సంగతి చెప్పు. కొడతాడా?"

"లేదు."

"తాగుతాడా?"

"లేదు. మంచివాడే, అందరూ అదే అంటారు. నాకిష్టమైన పళ్లు తనే తెస్తాడు, బూట్లూ తనే తెస్తాడు. భాష నేర్చుకోడానికి బడికి పోతానంటే, నేనుండగా బడెందుకన్నాడు. మా అక్క ఫోన్ చేస్తే తనే మాట్లాడి పెట్టేస్తాడు. నా పాస్‌పోర్టు జాగ్రత్త చేశానన్నాడు. నిన్న వెతికితే తన పాత బూట్ల డబ్బాలో దొరికింది."

"బూట్ల డబ్బాలోనా?"

"పొద్దున ఫుట్‌బాల్‌కి పోతూ, సాయంత్రం ఏం తెమ్మంటావని అడిగాడు. ఏం తేవద్దు, నన్నొక్కదాన్నే వీధి మూల దాకా పోయి రొట్టె కొనుక్కు రానివ్వు అన్నాను. నవ్వి, నుదుటి మీద ముద్దు పెట్టి పోయాడు. నాకు ఏడుపు కూడా రాలేదండీ, భయం వేసింది. ఈ ఊరంటే నాకిష్టమే. చూడకుండానే పోతున్నాను."

"పోతున్నావన్నమాట."

"పోతున్నాను. రొట్టెకి కాదు. తాళంచెవి ఇవ్వండి."

"పొద్దున వాడు పోతూ పోతూ నా దగ్గర కూడా ఆగాడు. ఇర్మా అత్తా, మారిత్‌కి తలుపు తియ్యకు, తాళంచెవి ఇవ్వకు, దారి తప్పుతుంది అన్నాడు. మా ఆయన ఫోటో మీద ఒట్టు వేయించుకున్నాడు."

"వేశారా?"

"వేశాను. ప్రేమే అనుకున్నాను. పిట్టప్పుడూ అలాగే అనుకున్నాను."

"అయితే తియ్యరు."

"చచ్చినవాడి మీద ఒట్టు, ఈ వయసులో తప్పుతానా? ఉండు, ఫోను... ఆఁ, ఫాబియాన్. లేదు నాయనా, పడుకోలేదు. కింద హాల్లోనే ఉన్నాను... మారితా? కనిపించింది, రొట్టె కావాలంది... లేదు. నేనెవరికీ తలుపు తియ్యలేదు, తాళంచెవి ఇవ్వలేదు. పోయిన మా ఆయన సాక్షి... వచ్చేశావా, అప్పుడే? సరే, కారు నీడలో పెట్టుకో. తొందరేం లేదు."

"చెప్పేశారు."

"అడిగినదానికి నిజం చెప్పాను."

"వచ్చేస్తున్నాడా?"

"కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాడు. మన వీధిలో అంత సులువుగా దొరకదులే."

"నేను పైకి పోతాను. పెట్టె మళ్లీ అటక మీద పెట్టేస్తాను. ఇర్మాగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను, ఈ పెట్టె సంగతి మాత్రం చెప్పకండి. డబ్బాలో పాస్‌పోర్టు ఎలా ఉన్నదో అలాగే పెట్టేస్తాను."

"పైకెందుకు?"

"ఇంకెక్కడికి పోను?"

"ఈ కుర్చీ కాస్త పక్కకి లాగు, నా మోకాళ్లు లేవనివ్వవు. ఆఁ, అలా. వాడు కుడివైపు నుంచి వస్తాడు. నువ్వు ఎడమకి పో, మందులషాపు దగ్గర టాక్సీ ఉంటుంది."

"ఎలా పోనండీ, తాళంచెవి లేకుండా?"

"తాళంచెవి, తాళంచెవి. వచ్చిన దగ్గర్నించీ అదే పాట. ఆ సంచి తీసి నా ఒళ్లో పెట్టు."

"ఇదేమిటి? ఇక్కడ... కన్నం ఉంది."

"పొద్దున వాడు వెళ్లాక నాలుగో అంతస్తు ఆయన తాళంచెవి లోపలే విరగ్గొట్టుకున్నాడు. తాళాలవాడు తాళం మొత్తం ఊడదీసి పట్టుకుపోయాడు."

"ఇంతసేపూ చెప్పలేదేం?"

"రొట్టెకన్నావుగా. రొట్టెకి పోయినవాళ్లు తిరిగొస్తారు. నేను తియ్యనని ఒట్టు వేశాను తల్లీ, తాళం ఉందని ఎవరితోనూ అనలేదు. తలుపు నువ్వే లాగు."