సగం గ్లాసు

బాగా పొద్దుపోయింది. వడ్రంగి, పని అయ్యాక మీటింగుకు వెళ్ళి, ఇల్లు చేరాడు. బట్టలు కుట్టే అతని భార్య మిషను ముందు నుంచి లేవలేదు.

"ఆ బొత్తాం ఎవరు కుట్టారు?"

"ఏ బొత్తాం?"

"రెండోది. తెల్ల చొక్కాకి నల్లదారం నేనెప్పుడైనా వాడానా?"

"ఏదీ, ఉండు, అక్కడికొచ్చి..."

"అక్కడే ఉండు. కింద సూదులున్నాయి."

"ఊడిపోతే... మీటింగులో కుట్టారు."

"మీటింగులో తాగుడు మానిపిస్తారనుకున్నా. బొత్తాలు కూడా కుడతారా?"

"కండక్టరమ్మ కుట్టింది. బస్సులో చేసే ఆవిడ. చెప్పాగా."

"చెప్పావు, చెప్పావు. రోజూ చెప్తూనే ఉన్నావు. టికెట్టు కూడా కొట్టిందా నీకు?"

"ఎందుకే ఆ మాటలు? మీటింగుకొచ్చే అందరిలాగే ఆవిడకీ మనకున్నదే. హెచ్‌ఐవీ. మొగుడు పోయాక తాగుడులో పడింది, ఎట్లాగో బయటపడింది."

"పాపం. సర్లే, మాత్ర వేసుకుందాం. చెంబుతో నీళ్ళు తే."

"నేను..."

"ఊఁ?"

"వేసుకున్నా."

"ఎక్కడ?"

"అక్కడే. పొద్దుపోయింది, అందరూ వేసుకుంటుంటే..."

"ఆమె పక్కనా?"

"పక్కనంటే... బల్ల మీద అందరం..."

"నీళ్ళు ఆమే ఇచ్చిందా?"

"ఇస్తే ఏమైందే? మాత్రే కదా!"

"మాత్రే. ఈ రోగం వచ్చాక రోజూ మాత్రకి ఒక్క గ్లాసు నీళ్ళలో సగం నువ్వు, సగం నేను. నాకు మిగిలిన కాపురం అదొక్కటే. అదీ ఆమెకిచ్చొచ్చావు."

"అట్లా కాదు..."

"ఏం చెప్తావు ఆమెకి? నాకు చెప్పనివి?"

"అడక్కు."

"చెప్పు."

"రంపం తిరుగుతుంటే, చెయ్యి అడ్డం పెట్టేద్దామనిపిస్తోందని చెప్పా."

"నాతో అనలేదే!"

"నీకంటుకుంది నా వల్లే. ఏ మొహంతో అనను? నువ్వేడుస్తావు. ఆవిడ ఏడవదు."

"ఈమధ్య నేను ఏడవడం చూశావా?"

"లేదు. గట్టిపడ్డావనుకున్నా."

"గట్టిపడ్డానా! బాగా కనిపెట్టావు."

"రేపట్నుంచి ఇంటికొచ్చే వేసుకుంటా. ఒట్టు. ఇప్పుడు నువ్వు వేసుకో, నేను పక్కన కూర్చుంటా. మన గ్లాసేదీ? అదుగో, మిషను మీదే ఉంది, నీళ్ళు కూడా ఉన్నాయి..."

"అది ముట్టుకోకు."

"ఏం, ఇంకా కోపమేనా?"

"ముట్టుకోకన్నానా!"

"ఇదేంటే... ఈ వాసన..."

"నువ్వు మానేసిన రోజు, నీ సారా సీసాలన్నీ మోరీలో పారబోశానన్నాను చూడు. పొయ్యలేదు."