బండ మంచం

నన్ను తిట్టేది తర్వాత తిడుదువుగాని బావా, ముందు చెప్పులు గడప అవతల ఇడిచి రా. మెల్లగా. నోరు తెరవబాక. పైన బండ మీద మా అంజలి నిద్రపోతా ఉంది.

అట్ల చూడబాక నన్ను. బండ కింద ఈ సెంట్రింగ్ కర్ర పోటు పెట్టి, భుజానికి ఆనించుకుని నిలబడి ఉండా. ఫోన్‌లో గుసగుసగా చెప్పింది నీకు వినపడిందో లేదో అనుకున్నా. మంచిది, ఇంకో కర్ర తెచ్చినావు. ఆ మూలకు పెట్టు. అయ్యో, కొట్టి బిగించబాక! బండకు తాకించు చాలు.

మీ చెల్లెలు ఇంట్లో లేదు, చిన్నోళ్ళను ఎంటబెట్టుకుని పొదిలికి సీమంతానికి పోయింది. పోయిందే మేలయింది. ఉంటే ఈ పాటికి దాని కేకలకు పిల్ల ఉలిక్కిపడి దిగ్గున లేచేది. అంజలి అలవాటు నీకు తెలియందేముంది? లేచిందంటే దూకుడే. ఇప్పుడు ఆ దూకుడు దూకిందంటే... వద్దులే, నా నోటితో అనను.

ఇదిగో, ఇట్ల వంగి కింద నుంచి చూడు. నా వేలు కాడ. వెంట్రుకంత గీత కనపడిందా? గోడ కాడ మొదలై సగం దాకా పోయింది. అన్నానికి ఇంటికొచ్చి, అంజలి బల్ల మీద ఛార్జర్ తీసుకుందామని ఈ బండ కిందికి దూరినా. చేతికి అలవాటు గదా, ఊరికే వేలి కణుపుతో బండను ఒకటి కొట్టినా. ఖంగుమనాల్సిన రాయి పగిలిన కుండ మాదిరి పలికింది. ఆడనే నా పై ప్రాణాలు పైనే పోయినాయి బావా.

తెలుసు తెలుసు, నువ్వు అప్పుడే చెప్పినావు. పదో తరగతి పిల్ల, తమ్ముళ్ళు పీక్కుతింటా ఉంటే చదువుకునే దానికి చోటు లేదు. పైన మంచం, కింద బల్ల ఉండేటిది ఫోన్‌లో చూపించి ఆశగా అడిగింది. వేపకట్టె ఉంది, మేనకోడలికి నేను చేసిస్తానంటివి. నేనేమంటి? పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాని ఇంట్లో కట్టె మంచమా, చెదలకు మేతా అంటి. నవ్వినా గూడా. మా నాయన ఉన్నప్పుడు అటక బండ మీద జొన్న బస్తాలు పెట్టేవాళ్ళు. బస్తాలు మోసే బండ బక్క పిల్లను మోయదా అంటి. నేనే తెచ్చి రెండు పక్కలా గోడల్లోకి దించినా. మార్కాపురంలో ఇంకెవర్నన్నా అడుగు, ఇదే మాట అంటారు. రాయిని నమ్ముకుని బతికేవాళ్ళం గదా!

బస్తా పెట్టిన చోట పడి ఉంటుంది బావా. పిల్ల దొర్లుతుంది, లేస్తుంది, చదువుకుంటా కాళ్ళు ఊపుతుంది. ఇంత వయసొచ్చి నాకు ఆ మాత్రం తోచలేదే! కట్టె అయితే విరగబోయే ముందు కిర్రుమని చెప్తుంది. రాయి చెప్పదు. గనిలో కళ్ళారా చూసినవాణ్ణి, ఉన్నట్టే ఉండి ఒక్కసారే...

చెప్పదంటినా? చెప్పింది బావా. అదే నా భయం.

మొన్న అన్నం తింటా అంజలి అనింది, "నాయనా, బండ టిక్కుమంటా ఉంది" అని. నేనేం చేసినానో తెలుసా? రాయి గురించి నాకు నేర్పుతావా, నువ్వెంత, నీ వయసెంత అని కంచం నెట్టేసి లేచినా. మళ్ళీ అది ఆ మాట ఎత్తలేదు. నేను గూడా మర్చిపోయినా.

ష్... కదిలింది. పట్టుకో బావా, కర్ర పట్టుకో. దేవుడా, కాసేపు ఆగు సామీ, కాసేపు.

ఏంది? ఎందుకట్ల చూస్తా ఉండావు? పైకి చూడాల్నా?

అమ్మా... మేలుకునే ఉండావా?

ఎప్పటి నుంచి తల్లీ? నేను బండ కొట్టినప్పటి నుంచా? మరి పలకలేదే! ఏడవబాక బంగారూ, కదలబాక. ఏందంటా ఉండావు? గట్టిగా చెప్పు.

విన్నావా బావా? "నేను దొర్లినందుకు పగిలిందా నాయనా" అంటా ఉంది.

లేదు తల్లీ, నీ తప్పేం లేదు. లేవబాక, పడుకునే మెల్లగా జరుగు. నిచ్చెన నా పక్కనే ఉంది చూడు. ఇదిగో నా చెయ్యి. తిట్టను, నీ మీద ఒట్టు. రా అమ్మా. ఇటు... ఇటు రా...

హమ్మయ్య! దొరికిందా? గట్టిగా పట్టుకున్నావా బావా? దించు, దించు. దెబ్బ తగల్లేదు గదా? తీసకపో, వసారాలోకి తీసకపో. కాసిని మంచినీళ్ళు తాపు.

నేనా? వస్తాలే. ఇంకా ఈ కర్ర ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియడం లేదు. ఇంక పడితే పడనీ, రాయే గదా.

చూసినావు గదా బావా. నిచ్చెన నా పక్కన ఉంది. నా చెయ్యి చాపే ఉంది. ఆ పగిలిన బండ మీద అంత దూరం పాకి, నీ చేతుల్లోకి దిగింది నా బిడ్డ.