ప్రశ్న వేళకు కనపడని తాళంచెవులు

రవాణా మంత్రిగారింటి ముందుగది, సభకు బయలుదేరవలసిన వేళ. గదిలో మంత్రిగారు, ఆయన భార్య, ఆమె చెల్లెలు చిట్టి, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆ అక్కచెల్లెళ్ళ అమ్మ ఉన్నారు. చిట్టి కూడా శాసనసభ్యురాలే. ఆమె వేసిన ప్రశ్నకు బావగారే ఇవాళ సభలో లేచి జవాబు చెప్పాలి, వెళ్ళడం మాత్రం ఇద్దరూ ఒకే కారులో. కారు ఇంకా కదల్లేదు.

"అంటే ఈ మూడో కప్పు టీ కూడా తాగి తీరాలంటారు, బావగారూ."

"తాగమ్మా చిట్టీ. సభలో ఇచ్చేది టీయేనా? వేణ్ణీళ్ళకు రంగేసి ఇస్తారు."

"నా బాధ సభ టీ గురించి కాదు. నా పేరు పిలిచినప్పుడు నేను సీట్లో లేకపోతే నా ప్రశ్న గాలికి పోయినట్టే. ఆ సంగతి మీకు తెలియదు, పాపం."

"అలాంటి రూలొకటి ఉందా?"

"నేను కాలేజీలో చేరినప్పటికే మీరు ఆ సభలో ఉన్నారు."

"ఉంటే మాత్రం అన్నీ గుర్తుంటాయా? ఏమోయ్, మీ చెల్లెలి కప్పు చల్లారిపోయింది, వేడిది తెచ్చి పొయ్యి."

"అది తాగకపోతే నేనేం చెయ్యనండీ, ముక్కు పట్టుకుని పొయ్యనా? మీరు ముందు కారు తాళాలు చూసుకోండి. టీవీ పక్కన లేవు."

"లేవా? అరెరె. రాత్రి అక్కడే పెట్టానే."

"బావగారూ, అరెరె అనేటప్పుడు కాస్త దిగులుగా అనాలి. లాటరీ తగిలినట్టు కాదు."

"నీకన్నీ అనుమానాలేనమ్మా. సోఫా కింద చూస్తానుండు."

"డ్రైవరేడే అక్కా?"

"కూతుర్ని కొత్త బళ్ళో చేర్పించాలన్నాడు. నేనే సెలవిచ్చాను."

"అయితే నేను ఆటోలో వెళ్తాలే."

"ఆగాగు. మంత్రి మరదలు ఆటోలో దిగితే గేటు దగ్గరే ఫొటో తీసి పేపర్లో వేస్తారు. నా పరువేం కాను? ఉండు, పీఏకి ఫోన్ చేసి బండి పంపమంటాను. హలో... ఆఁ, నేనే. వెంటనే ఒక బండి పంపించు... ట్రాఫిక్కా? సరేలే, ఎంతసేపైనా పర్వాలేదు, జాగ్రత్తగా రమ్మను. చిట్టీ, వస్తోందట."

"జాగ్రత్తగా అన్నారుగా, ఇంక నడిచొస్తుంది."

"ఒసేయ్, ఎలాగోలా త్వరగా కదలండే. నన్ను కూడా తీసుకెళ్తామన్నారు. గ్యాలరీలో కూచుని నీ ప్రశ్న వింటానని తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని మరీ కూచున్నాను."

"అత్తయ్యా, మీరు ముందు ఆ గ్లాసు నీళ్ళు తాగండి. లేచిన దగ్గర్నుంచీ నిండుగా అలాగే ఉంది."

"బయటికెళ్తున్నాంగా అల్లుడుగారూ. వచ్చాక తాగుతాను."

"డాక్టరు ఏమన్నాడు? నీళ్ళు తాగకే కిడ్నీలు ఆ గతికొచ్చాయన్నాడా, లేదా?"

"అన్నాడు నాయనా. గడప దాటేరోజు నీళ్ళు తాగితే ఎలా? చివరి స్టాపులో ఎక్కడికెళ్తాం?"

"ఇప్పుడు మీరు వెళ్ళేది సభకి. అక్కడ అన్నీ ఉన్నాయి."

"ఉన్నాయని బుర్రకు తెలుసు. గొంతు దిగద్దూ?"

"విన్నారా బావగారూ? నా ప్రశ్న అంతా ఆ గ్లాసులోనే ఉంది. రిటైరైనా అలవాటు మాత్రం రిటైరవలేదు మా అమ్మకి."

"అయితే ఆ ప్రశ్నేదో ఇక్కడే అడిగెయ్ చిట్టీ. ఇక్కడే జవాబు చెప్పేస్తాను. మళ్ళీ అంత దూరం ఎందుకు?"

"స్పీకరెవరు?"

"మీ అక్క. ఈ ఇంట్లో నేను లేచి నోరు తెరిస్తే కూర్చోమనేది ఆవిడేగా."

"కూర్చోండి."

"చూశావా?"

"గౌరవ సభ్యురాలు అడగవచ్చు. త్వరగా, పొయ్యి మీద పాలున్నాయి."

"అధ్యక్షా, బస్సులు తిరిగే చివరి స్టాపుల్లో కండక్టర్లకీ డ్రైవర్లకీ ఒక బాత్రూమూ, కాసేపు కూర్చోడానికి ఒక గదీ కట్టించే ఆలోచన ప్రభుత్వానికి ఉందా?"

"అధ్యక్షా, ఈ విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది."

"అధ్యక్షా, ఇది పోయిన మంత్రిగారి పరిశీలనలోనూ ఉంది. అంతకు ముందాయన పరిశీలనలోనూ ఉంది. ఇంతమంది పెద్దలు ఇంతకాలం పరిశీలిస్తున్నారంటే, ఆ బాత్రూమ్ ఎంత అందంగా వస్తుందో అని డిపోలో అందరూ ఎదురుచూస్తున్నారు."

"గ్యాలరీలో నవ్వకూడదు అత్తయ్యా."

"నవ్వలేదు అల్లుడుగారూ. దగ్గొచ్చింది."

"అనుబంధ ప్రశ్న, అధ్యక్షా. మంత్రిగారు ఎప్పుడైనా బస్సెక్కారా?"

"ఎక్కకేం? కాలేజీకి రోజూ మీ అమ్మగారి బస్సులోనే వెళ్ళాను."

"టికెట్టు తీసుకునేవారా అమ్మా?"

"అధ్యక్షా, అది మూల ప్రశ్నకు సంబంధం లేని విషయం."

"స్పీకరుకి తెలుసుకోవాలని ఉందండీ. చెప్పవే అమ్మా."

"అల్లుడుగారి సంగతి ఇప్పుడెందుకులేవే. వెనక మెట్టు మీద గాలికి వేలాడేవారు, అంతమటుకు గుర్తుంది."

"రికార్డుల్లోంచి తొలగించండి అధ్యక్షా."

"తొలగించను. చిట్టీ, నువ్వడుగు."

"ఇంకొక్కటే. మొన్న డిపోకి వెళ్ళాను బావగారూ. ఒకమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, కళ్ళు తిరిగి టికెట్ల మిషన్‌తో సహా ఫుట్‌బోర్డు మీద పడిపోయింది. ఎండ దెబ్బేమో అన్నారు. ఎండా కాదు, పాడూ కాదు. పొద్దున్నుంచీ చుక్క నీళ్ళు తాగలేదు. ఎందుకు తాగలేదని అడిగితే, మీకు తెలియదా మేడమ్ అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ కడుపున పుట్టి నాకు తెలియదని ఎలా అంటాను?"

"మా రోజుల్లో చివరి స్టాపు పక్కన ఒకింటావిడ ఉండేది. మొదట్లో రానిచ్చేది. పోనుపోను బస్సు చప్పుడు వింటే తలుపేసుకునేది. ఆవిణ్ణీ అనలేం. బస్సు బస్సుకీ ఒకరు వెళ్ళి తలుపు తడుతుంటే ఎవరు మాత్రం భరిస్తారు? నాకే సిగ్గేసి వెళ్ళడం మానేశాను. నీళ్ళూ మానేశాను."

"మంత్రిగారు జవాబు చెప్పాలండీ. సభ ఎదురుచూస్తోంది."

"ఏం చెప్పమంటావోయ్? నాకు మాత్రం కట్టించాలని లేదా? పైనుంచి పిలిచి మరీ చెప్పారు, రవాణా శాఖ నుంచి ఈసారి ఒక్క హామీ కూడా రాకూడదని. నేను నోరు జారితే కుర్చీ జారిపోతుంది. పరిశీలనలో ఉందన్న ముక్క కూడా వాళ్ళు రాసిచ్చిందే."

"అంటే ఈ మూడు కప్పుల టీ కూడా వాళ్ళు రాసిచ్చిందేనా?"

"టీ నా సొంతం. నువ్వడగకపోతే నేను చదవక్కర్లేదు. ఎవరికీ నొప్పి లేకుండా పోతుందని చూశాను. తాళాలు నిజంగానే లేవు, ఒట్టు."

"మరి సభకు మీరు కూడా వెళ్ళకపోతే?"

"నేను వెళ్ళకుండా ఉండకూడదు తల్లీ. నేను లేకపోతే నా బదులు కార్మిక మంత్రి లేస్తాడు. ఓసారి జ్వరమొచ్చి పడుకుంటే, నా బదులు లేచి డ్రైవర్లందరికీ రెయిన్‌కోట్లు ఇస్తామని చెప్పి కూర్చున్నాడు. సభలో అన్నమాట, ఇంక కాదనడానికి వీల్లేదు. వానలు మొదలయ్యేలోపు అందరికీ కుట్టించేసరికి నా ప్రాణం మీదికొచ్చింది."

"పాపం, ఆయన మంచాయన."

"మంచాయనే. ఎదురుగా ఎవరైనా చేతులు జోడిస్తే లేదనలేడు. అదే ఆయన జబ్బు. సరే, చూసుకో, బండి ఇంకా రాలేదు, తాళాలూ లేవు. మళ్ళీ ఓసారి సోఫా కింద చూస్తాను."

"చూడండి, చూడండి. తొందరేం లేదు."

"ఏమిటమ్మా, ఇందాక కాళ్ళు నేల మీద నిలవలేదు, ఇప్పుడు తొందరేం లేదంటున్నావు?"

"మీ టీ మహిమ బావగారూ. ఒళ్ళంతా హాయిగా ఉంది."

"ఏవండీ, మీ ఫోన్ మోగుతోంది. సభ నుంచి మీ పీఏ."

"ఆఁ, చెప్పవయ్యా... చిట్టి ప్రశ్న అప్పుడే వచ్చేసిందా? సభ్యురాలు లేదు కాబట్టి పోయుంటుంది... ఏమిటీ? ఎవరడిగారు?... టీచరమ్మా? ఆవిడకేం సంబంధం?... స్పీకరు ఒప్పుకున్నాడా? మరి జవాబు?... కార్మిక మంత్రి లేచాడా... అన్ని చివరి స్టాపుల్లోనా?... బాత్రూమూ, గదీ కూడానా?... ఫ్యానా? ఫ్యాన్ ఎవరడిగారయ్యా?... ఎప్పటిలోగా అన్నాడు?... వచ్చే ఎండలు మొదలయ్యేలోపా... అందరూ బల్లలు చరిచారా. చరుస్తారు, వాళ్ళదేం పోయింది. సరే, పెట్టేస్తున్నా."

"ఏమయింది అల్లుడుగారూ?"

"ఏమయిందో మీ చిన్నమ్మాయినే అడగండి అత్తయ్యా."

"ఏం లేదమ్మా. ప్రశ్న వేసినవాళ్ళు రాలేకపోతే, స్పీకరు సరేనంటే వాళ్ళ బదులు ఇంకొకరు అడగొచ్చు. నిన్ననే ఆయన్ని బతిమాలి, నా పక్క సీటు టీచరమ్మకి అప్పగించాను. చేతులు జోడించి మరీ అడగమన్నాను."

"అంటే పొద్దున్నుంచీ నేను నిన్ను ఆపుతున్నాననుకుంటుంటే..."

"మీరు నన్ను ఆపారు, నేను మిమ్మల్ని ఆపాను. ఇద్దరం ఆగాం, బస్సు కదిలింది."

"డ్రైవరు సెలవు?"

"వాడి కూతురు బడి నిజమే. అయితే రేపు వెళ్తానన్నాడు, ఇవాళే వెళ్ళమన్నాను."

"ఏమోయ్, నువ్వు కూడానా? తాళాలు?"

"పిండి డబ్బాలో ఉన్నాయండీ. తుడిచిస్తాలెండి."

"కట్టుకున్నదీ మరదలూ కలిసి నన్ను నిలువునా ముంచారు కదే."

"ముంచడమేం, మీ కుర్చీకేం కాదు. హామీ మీరిచ్చారా? మీరసలు సభలోనే లేరు. తాళాలు పోయాయి, అంతే. పైవాళ్ళడిగితే నేను చెప్తాను, పిండి డబ్బా చూపించి మరీ."

"నవ్వండి, నవ్వండి. ఆ గదులన్నీ కట్టించి చచ్చేది నేనేగా."

"కట్టించండి బావగారూ. ఒక్కదాని ప్రారంభోత్సవానికైనా నన్ను పిలవండి. ఆటోలో వస్తాను."

"అక్క పాలు పొంగిపోతున్నాయే చిట్టీ. ఇద్దరూ వెళ్ళి చూడండి. నాకూ ఓ కప్పు కలుపుకు రండి."

"నువ్వు టీ తాగుతావా అమ్మా? పద అక్కా, మళ్ళీ మనసు మార్చుకుంటుంది."

"...అల్లుడుగారూ, ఇలా దగ్గరికి రండి. వాళ్ళు లోపలికి వెళ్ళారా?"

"వెళ్ళారు అత్తయ్యా."

"మీ జేబులో ఏమిటది?"

"చిల్లర."

"చిల్లర చప్పుడు నాకు చెప్తారా? ఉద్యోగమంతా చిల్లర సంచి భుజాన వేసుకునే తిరిగాను. మీరు సోఫా కిందికి వంగినప్పుడల్లా వింటున్నాను. అది చిల్లర కాదు."

"...రెండో జత తాళాలు."

"ఎప్పట్నుంచీ ఉన్నాయి?"

"మీ పెద్దమ్మాయి పొద్దున పిండి డబ్బా మూత తియ్యడం చూశాను. నన్నాపి కార్మిక మంత్రి చేత హామీ ఇప్పించే ఎత్తని అర్థమై, బీరువాలోంచి ఇవి తీసి జేబులో వేసుకున్నాను."

"పీఏకి చేసిన ఫోను?"

"అవతల ఎవరూ లేరత్తయ్యా. నేనే మాట్లాడుకున్నాను."

"మరి ఈ నాటకమంతా ఎందుకు నాయనా?"

"నేను హామీ ఇవ్వలేను. ఇవ్వనని చదవాలన్నా నోరు రాలేదు. మీరు పైన గ్యాలరీలో గొంతెండబెట్టుకుని కూచుంటే, కింద నిలబడి పరిశీలనలో ఉందని ఏ ముఖం పెట్టుకుని చదవను? సిగ్గేసింది. వాళ్ళతో అనకండి అత్తయ్యా. నన్ను గెలిచామని సంబరపడుతున్నారు, పడనివ్వండి."

"నేనెందుకంటాను? వెనక మెట్టు మీద టికెట్టు లేకుండా వేలాడిన రోజుల్లోనే మిమ్మల్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ నీళ్ళ గ్లాసు ఇలా ఇవ్వండి."