సగం గడ్డం, పూర్తి ఇంగ్లీషు

"తల కదపకు అల్లుడూ, కత్తి మంచి పదును మీద ఉంది," అన్నాడు సెలూన్ మామయ్య. "పదకొండింటికి ఇంటర్వ్యూ అన్నావు, ఇంగ్లీషు జాతీయాలు అడుగుతారన్నావు. సరైన కుర్చీకే వచ్చావు. కుడి బుగ్గ అయిపోయింది. ఎడమ గడ్డం నానేలోగా చెబుతాను, విను. 'బ్రేక్ ది ఐస్' అంటే, కొత్తవాళ్ల మధ్య బిగుసుకున్న మౌనాన్ని మొదటి మాటతో కరిగించడం. ఫ్యాక్టరీకి వచ్చిన విదేశీ ఇంజనీరు ఇదే కుర్చీలో కొయ్యబొమ్మలా కూర్చుంటే, 'గుడ్ మార్నింగ్! మీసం ఉంచమంటారా, తీసేయమంటారా?' అన్నాను. అంతే, మనిషి విచ్చుకున్నాడు."

"టైమెంతయింది, మామయ్యా?"

"బోలెడుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను వదిలితేనా! తన దేశానికి తీసుకెళ్లాడు. దారిలో ఓడ మంచులో ఇరుక్కుంది. కెప్టెన్ ఒకటే ఏడుపు. నేను ముందుకు వెళ్లి, అదే గుడ్ మార్నింగ్ కాస్త గట్టిగా చెప్పాను. మైలు పొడవున మంచు పగిలి, రెండు పక్కలకూ ఒదిగి దారి ఇచ్చింది!"

బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న టైలరు పత్రిక దించాడు. "మంచుకు ఇంగ్లీషు వచ్చా?"

"నేను చెబితే ఎందుకు రాదు? ఒడ్డున దిగీ దిగగానే వాన. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోత అని చెప్పి ఊరుకుంటారు మాస్టార్లు. నేను కళ్లారా చూశాను! గొడుగు తిరగేసి పట్టి, పద్నాలుగు పిల్లులనూ ఒక కుంటి కుక్కనూ క్షేమంగా దించాను. అది చూసి నిఘంటువు పండితులు నలభైమంది కాగితాలు పట్టుకుని నా వెంట పడ్డారు. నేను తుమ్మితే ఒక జాతీయం, దగ్గితే రెండు! చివరికి, 'అయ్యా, మీరు నోరు మూసుకుంటే తప్ప మా పుస్తకం పూర్తి కాదు' అని కాళ్లు పట్టుకున్నారు."

"పదిన్నర, మామయ్యా! సబ్బు ఎండిపోతోంది. 'కోల్డ్ ఫీట్' ఒక్కటీ చెప్పి ఈ బుగ్గ కానివ్వు. ఆ ఉద్యోగం నాకు చాలా అవసరం."

"కోల్డ్ ఫీటా? అది... దాని వెనక పెద్ద కథ ఉంది..."

"పెద్దదేమీ కాదు, నేను చెబుతాను," అన్నాడు టైలరు. "ఆ ఇంజనీరు వచ్చిన రోజు నేను ఈ బెంచీ మీదే ఉన్నాను. వారం రోజులు 'గుడ్ మార్నింగ్' వల్లె వేసిన ఈ పెద్దమనిషి, ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే వెనక గదిలో దూరి, ఆయన విసిగి వెళ్లిపోయేదాకా తువ్వాళ్లు ఉతికాడు. తీరా సమయం వచ్చాక ధైర్యం జారిపోవడమే కోల్డ్ ఫీట్."

మామయ్య చేతిలో కత్తి గాలిలోనే ఆగిపోయింది. కుర్చీలోని అల్లుడు అద్దంలోంచి ఆయన ముఖం చూశాడు.

"గుడ్ మార్నింగ్, మామయ్యా," అన్నాడు మెల్లగా. "ఈ ఎడమ గడ్డం ఉంచుతావా, తీసేస్తావా?"